ఇరవై నాలుగు దగ్గర

ఆయిల్ దింపే బోల్టుకి మర పోయింది.
నా చేత్తోనే పోయింది.
ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగిస్తుంటే
ఉన్నట్టుండి వెన్నలో గరిటె తిరిగినట్టు
హాయిగా తిరిగింది.
ఆ హాయి ఎంత ఘోరమో
పడ్డవాళ్లకి తెలుసు.

పద్నాలుగేళ్లుగా ముహు దీవి ఫెర్రీ మీద పని నాది.
కుయివాస్తు రేవులో మోకులు లాగి కట్టే చేతులు.
అక్కడ 'చాలు' అంటే
సముద్రం ఒప్పుకోవాలి.
ఇక్కడ ఒప్పుకోవాల్సింది అల్యూమినియం.
తెగేముందు మోకు మూలుగుతుంది.
ఇది మూలగదు.
మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది.

కొత్త మర వేయించడానికి అరవై యూరోలు.
ఆ బిల్లు మడిచి జేబులో పెట్టుకుని
లీవాలో హెల్డుర్ కొట్టుకి వెళ్లాను.
నవంబరు. మూడున్నరకే దీపాలు.

మూడు పెట్టెలు బల్ల మీద తెరిచాడు.
ఒకటి నా చెయ్యంత పొడుగు,
నలభై నుంచి రెండు వందల దాకా.
"వెనక చక్రం ఇరుసుకి సరే,
గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"
రెండోది పిల్లది. అయిదు నుంచి పాతిక.
మూడోదానికి స్ప్రింగే లేదు,
వంగే కడ్డీ, పక్కన ముల్లు, కింద అంకెలు.
చవక.
"ఇది అబద్ధమాడదు.
కానీ రెప్పవేయకుండా దాని మొహమే చూడాలి."
ఇంజను కింద పక్కకి ఒరిగి పడుకుని
చెంపకి గచ్చు చలి కొడుతుంటే
ఎవరి మొహం చూడను?

బండి పుస్తకంలోంచి ఎక్కించుకున్న అంకెలు
టికెట్టు వెనకాల ఉన్నాయి, తీసిచ్చాను.
హ్యాండిల్ ఇరవై మూడు. బ్రేకు ముప్పై నాలుగు.
ఆయిల్ బోల్టు ఇరవై నాలుగు (ఇప్పుడు తెలిసింది).
వాల్వుల మూత పది. ఇరుసు తొంభై ఎనిమిది.
చెవి మీది పెన్సిల్ తీసి
మధ్యలో వాటన్నిటికీ ఒకే సున్నా చుట్టాడు.
"నీ బండి బతుకంతా ఇక్కడే."
వంగి, బల్ల కిందనుంచి నాలుగోది తీశాడు.
పది నుంచి అరవై.
"ఏ కొలతకయినా చివర్లలో తడబాటు ఉంటుంది.
నడుమని నమ్ము.
ఇరుసుకి నాది పట్టుకెళ్లు, బుధవారం తెచ్చివ్వు."
మరి వాల్వుల మూతకి?
"డబ్బులు దాచుకో."

నా అసలు సందేహం అతనికి చెప్పలేదు.
ఎడమ చెవి ఇంజను గదికి ఇచ్చేశాను,
కుడిది సగం.
టక్కుమనగానే ఆగాలట.
వినపడకపోతే?

అడక్కుండానే, బల్లకున్న వైస్‌లో
పాత బోల్టొకటి ఇరికించి
పిడి తిప్పి ఇరవై నాలుగు పెట్టి
నా చేతికిచ్చాడు.
లాగాను. నెమ్మదిగా.
ఏమీ వినలేదు.
కానీ అరచేతిలో,
చీకట్లో దిగుతూ ఇంకో మెట్టుందనుకుని
నేల మీద కాలేసినప్పటి
చిన్న తూలు.

"అదే," అన్నాడు. పెదాల మీద చదివాను.
"మళ్లీ లాగకు.
మొదటిసారి బోల్టు కోసం,
రెండోసారి లాగేది భయం."

నూట పది యూరోలు.
జేబులో బిల్లు పక్కన ఇంకో బిల్లు.

పనయ్యాక ప్రతిసారీ
పిడి వెనక్కి తిప్పి పది దగ్గర ఆపుతాను,
స్ప్రింగుకీ నిద్ర కావాలి కదా.
పెట్టె కుట్టుమిషను పక్కన ఉంటుంది.

నిన్న రాయ్‌గో వచ్చాడు.
తుప్పు పట్టిన బోల్టొకటి మొండికేసిందట,
గట్టి రెంచి ఏదో కొన్నావుటగా, ఇవ్వవా అన్నాడు.
ఇది విప్పడానికి కాదన్నాను.
మరి దేనికి, అన్నాడు.

వినపడనట్టు ఊరుకున్నాను.